ఏ549 కణాల్లోకి ప్లాస్మిడ్: 7 శాతం నుంచి 56 శాతం దాకా ప్రాజెక్టు డైరీ

లక్ష్యం: ఏ549 ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల్లోకి జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా వెలిగే ప్రొటీన్) జన్యువున్న ప్లాస్మిడ్ (గుండ్రటి చిన్న డీఎన్‌ఏ) పంపాలి. 48 గంటలకు బతికున్న కణాల్లో సగమైనా ఆకుపచ్చగా వెలగాలి, మొత్తం మీద 85 శాతానికి తగ్గకుండా బతికి ఉండాలి. అది కుదిరాక ప్లాస్మిడ్ లేని కణాలను చంపే జీ418 మందుతో స్థిరమైన క్లోన్లు (ఒక్కో కణం నుంచి పెరిగిన సంతతి) తీయాలి.

ప్లాస్మిడ్ పీఈజీఎఫ్‌పీ-ఎన్1, పొడవు 4.7 కిలోబేస్‌లు. సీఎంవీ ప్రమోటర్ (జన్యువును పనిచేయించే డీఎన్‌ఏ భాగం) వెనక జీఎఫ్‌పీ ఉంటుంది. బ్యాక్టీరియాలో కనామైసిన్‌కీ, మనిషి కణాల్లో జీ418కీ తట్టుకునే జన్యువు కూడా ఇందులోనే ఉంది.

దశ 1: అరువు ఫ్లాస్క్, ట్రయల్ 1 నుంచి 3 (రోజులు 1–12)

గడ్డకట్టించిన కణాల వయల్ (చిన్న సీసా) కరిగించి రెండు వారాలు ఆగడం ఎందుకని, వేరే ప్రయోగశాలలో అప్పటికే పెరుగుతున్న టీ75 ఫ్లాస్క్ ఒకటి తెచ్చుకున్నాం. దాని మీద "ఏ549" అనీ, ఒక తేదీ అనీ రాసి ఉంది. ఎన్నో పాసేజో (ఎన్నిసార్లు కొత్త ఫ్లాస్క్‌లోకి మార్చారో) లేదు, మైకోప్లాస్మా (పెంచే కణాలకు పట్టే అతి చిన్న బ్యాక్టీరియా) పరీక్ష ఎప్పుడు చేశారో లేదు. ఈ డైరీలోని తప్పుల్లో అన్నిటికన్నా ఖరీదైనది ఇదే.

ట్రయల్ 1, 24 వెల్‌ల (గుంటల) ప్లేటులో, ఒక్కో వెల్‌కు:

1. ముందు రోజు 90 వేల కణాలు, యాంటీబయాటిక్ లేని 0.5 మి.లీ. మీడియంలో (కణాలు పెరిగే పోషక ద్రవం).
2. ఒక ట్యూబులో 50 మైక్రోలీటర్ల ఆప్టి-మెమ్ (ఒక రకం మీడియం), 0.8 మైక్రోగ్రాముల ప్లాస్మిడ్.
3. ఇంకో ట్యూబులో 50 మైక్రోలీటర్ల ఆప్టి-మెమ్, 2 మైక్రోలీటర్ల లిపోఫెక్టమైన్ 2000 (డీఎన్‌ఏను కణంలోకి చేర్చే లిపిడ్ మందు). 5 నిమిషాలు ఆగాలి.
4. రెండూ కలిపి గది ఉష్ణోగ్రతలో 20 నిమిషాలు.
5. మొత్తం 100 మైక్రోలీటర్లూ వెల్‌లో చుక్కలు చుక్కలుగా.
6. 48 గంటల తర్వాత ఫ్లో సైటోమీటర్‌లో (కణాల వెలుగును ఒక్కొక్కటిగా కొలిచే యంత్రం) 10,000 కణాలు.

రెండో, మూడో మెట్లలో సీరం చుక్క కూడా ఉండకూడదు. సీరంలోని ప్రొటీన్లు లిపిడ్‌కు అంటుకుంటే డీఎన్‌ఏకు చోటుండదు. డీఎన్‌ఏ, లిపిడ్ కలిసిన కాంప్లెక్స్ ఏర్పడ్డాక వెల్‌లో ఉన్న సీరంతో అంత ఇబ్బంది లేదు. యాంటీబయాటిక్ సంగతి వేరు: లిపిడ్ పొరను వదులు చేసే సమయంలో అదీ లోపలికి పోయి కణాలను చంపుతుంది.

ఫలితం: 7 శాతం ఆకుపచ్చ, 58 శాతం బతికి ఉన్నాయి. మైక్రోస్కోపులో చూసి "పాతిక శాతం ఉంటుంది" అని రాసుకున్నాం. కన్ను వెలిగే కణాల వైపే పోతుంది, వెలగనివి లెక్కలోకి రావు. ఆ రోజు నుంచి కంటి అంచనాలు నోట్‌బుక్‌లో రాయడం మానేశాం.

ట్రయల్ 2: లిపిడ్‌ను 2 నుంచి 4 మైక్రోలీటర్లకు పెంచాం. ఆకుపచ్చ 9 శాతం, బతికినవి 41 శాతం. లిపిడ్ రెట్టింపు చేస్తే చావులు పెరిగాయి తప్ప పని జరగలేదు.

ట్రయల్ 3: లోపం మందులోనా, కణాల్లోనా తేల్చడానికి అదే రోజు, అదే ట్యూబులోని మిశ్రమాన్ని ఇంకో ఇంక్యుబేటర్‌లో పెరుగుతున్న హెచ్1299 అనే వేరే రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలకూ ఇచ్చాం. హెచ్1299లో 61 శాతం, ఏ549లో 8 శాతం. మందు పనిచేస్తోంది. ఈ పోలిక మొదటి రోజే పెట్టుకుని ఉంటే ట్రయల్ 2 అక్కర్లేదు.

(హెచ్1299 ఇంత సులువైతే అందులోనే పని కానివ్వొచ్చుగా అనిపిస్తుంది. ఏ549లో కణితిని అడ్డుకునే పీ53 జన్యువు మామూలుగానే ఉంది, కేఆర్ఏఎస్ జన్యువులో జీ12ఎస్ మార్పు ఉంది. హెచ్1299లో పీ53 అసలు లేదు. పీ53 లేని నేపథ్యం కావలసినవాళ్లకు హెచ్1299 సరైనది. మా తర్వాతి పనికి పీ53 ఉండి తీరాలి.)

ఇప్పటిదాకా: 12 రోజులు, 3 ప్లేట్లు, ఏ549లో అత్యధికం 9 శాతం.

దశ 2: మీడియం తేటగానే ఉంది, అయినా జబ్బే (రోజులు 13–27)

మొదట పెరుగుదల కొలిచాం. టీ25 ఫ్లాస్క్‌లలో 2.5 లక్షల చొప్పున వేసి లెక్కపెడితే 24 గంటలకు 2.6 లక్షలు, 96 గంటలకు 10 లక్షలు. ఆ 72 గంటల్లో 3.85 రెట్లు, అంటే రెట్టింపు సమయం 37 గంటలు. ఏ549 సుమారు 22 నుంచి 25 గంటల్లో రెట్టింపు కావాలి.

మీడియం మబ్బుపట్టలేదు, రంగు మారలేదు, బ్యాక్టీరియా కనిపించలేదు. మైకోప్లాస్మా లక్షణమే అది. దానికి కణగోడ లేదు కాబట్టి గోడను దెబ్బతీసే పెనిసిలిన్ ఏమీ చేయలేదు. 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌ను కూడా దాటిపోగలదు. కణాలను చంపకుండా వాటి తిండి తింటూ ఉంటుంది.

పీసీఆర్ (వెతికే డీఎన్‌ఏ ముక్కను ఎన్నో రెట్లు పెంచి పట్టే) పరీక్ష మొదటిసారి నెగటివ్ వచ్చింది. నమ్మబోయాం కానీ, నమూనాలో పీసీఆర్‌ను అడ్డుకునేది ఏదైనా ఉందేమో చూసే కంట్రోల్ పెట్టలేదని గుర్తొచ్చింది. మళ్లీ ఇలా చేశాం:

1. యాంటీబయాటిక్ లేకుండా 3 రోజులు పెంచి, దాదాపు నిండిన ఫ్లాస్క్ నుంచి 1 మి.లీ. మీడియం తీసుకోవాలి.
2. 95 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉడికించి, 12,000 జీ (గురుత్వానికి 12,000 రెట్లు) వద్ద 2 నిమిషాలు తిప్పాలి.
3. పైద్రవాన్ని మామూలుగా ఒకటి, పది రెట్లు పలచన చేసి ఒకటి, రెండు ట్యూబులు.
4. ప్రతి నమూనాకూ జంటగా ఇంకో ట్యూబు. అందులో తెలిసిన పాజిటివ్ డీఎన్‌ఏ కలపాలి. అక్కడా బ్యాండ్ (జెల్ మీద కనిపించే డీఎన్‌ఏ గీత) రాకపోతే ఆ "నెగటివ్"కు విలువ లేదు.
5. 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువు మీద ప్రైమర్లు. బ్యాండ్ సుమారు 500 బేస్‌ల దగ్గర.

పలచన చేయని నమూనాలో, కలిపిన పాజిటివ్ డీఎన్‌ఏ కూడా కనబడలేదు. పది రెట్లు పలచన చేసిన దాంట్లో ముదురు బ్యాండ్ వచ్చింది. నిర్ధారణకు కవర్‌స్లిప్ మీద పెంచిన కణాలకు హోక్స్ట్ 33258 రంగు వేశాం. శుభ్రమైన కణంలో కేంద్రకం మాత్రమే నీలంగా వెలగాలి. ఇక్కడ సైటోప్లాజం అంతా నీలి రవ్వలు.

మైకోప్లాస్మాను చంపే మందులు ఉన్నాయి, రెండు మూడు వారాల చికిత్సలు ఉన్నాయి. ఎక్కడా దొరకని సొంత కణాలైతే ఆ శ్రమ పడాలి. ఏ549 కణ భాండాగారంలో దొరుకుతుంది. పారేశాం.

పారేసేటప్పుడు ఫ్లాస్క్‌లో పదో వంతు బ్లీచ్ అయ్యేలా పోసి 30 నిమిషాలు ఉంచాలి. ఇంక్యుబేటర్ అరలు, నీటి పళ్లెం తీసి ఆటోక్లేవ్ చేశాం. ఆ ఫ్లాస్క్‌తో వాడిన మీడియం సీసా, ట్రిప్సిన్ (కణాలను ఫ్లాస్క్ నుంచి ఊడదీసే ఎంజైమ్) సీసా కూడా పోయాయి. తెరిచిన సీసా ఎంత నిండుగా ఉన్నా దాచుకోకండి.

ఇప్పటిదాకా: 27 రోజులు, 4 ఫ్లాస్క్‌లు పారేశాం, వాడుకోదగిన ఫలితం ఒక్కటీ లేదు.

దశ 3: భాండాగారం వయల్‌తో మళ్లీ మొదలు (రోజులు 28–50)

ఏ549ను 1972లో డి. జె. గియార్డ్ బృందం 58 ఏళ్ల పురుషుడి ఊపిరితిత్తి కణితి నుంచి తయారు చేసింది. ఏటీసీసీ (అమెరికాలోని కణ భాండాగారం) నంబరు సీసీఎల్-185. సూచించే మీడియం ఎఫ్-12కే, 10 శాతం పిండ దూడ సీరంతో. డీఎంఈఎంలోనూ బాగానే పెరుగుతాయి. చాలామంది అందులోనే పెంచుతారు. ఏదైనా ఒకటి ఎంచుకుని ప్రాజెక్టు అయ్యేదాకా దాన్ని మార్చకూడదు. మేం ఎఫ్-12కే తీసుకున్నాం.

కరిగించడంలో మొదటి వయల్ దెబ్బతింది. వాటర్ బాత్‌లో పెట్టి హుడ్ (శుభ్రమైన గాలి వీచే పని అర) సర్దుకుంటూ ఉండగా పూర్తిగా కరిగి, ఇంకో 5 నిమిషాలు 37 డిగ్రీల్లోనే ఉండిపోయింది. బతికినవి 61 శాతం. గడ్డకట్టి ఉన్నంతసేపు కాపాడే డీఎంఎస్ఓ, వెచ్చబడ్డాక విషం. రెండో వయల్:

1. హుడ్, 9 మి.లీ. వెచ్చటి మీడియం ఉన్న ట్యూబు, సెంట్రిఫ్యూజ్ అన్నీ ముందే సిద్ధం.
2. 37 డిగ్రీల నీటిలో మూత మునగకుండా ఆడిస్తూ 2 నిమిషాల లోపే. కందిగింజంత మంచు మిగిలి ఉండగానే తీసేయాలి.
3. 70 శాతం ఇథనాల్‌తో తుడిచి, 9 మి.లీ. మీడియంలోకి నెమ్మదిగా.
4. 125 జీ వద్ద 5 నిమిషాలు. పైద్రవం పారేసి, పెల్లెట్‌ను తాజా మీడియంలో విడదీసి టీ25లోకి.
5. మర్నాడు మీడియం మార్పు.

బతికినవి 89 శాతం.

పాసేజ్‌లో మాకు తగిలిన ఇబ్బంది ఉండలు. ట్రిప్సిన్ పోసి కణాలు ఊడట్లేదని ఫ్లాస్క్‌ను అరచేత్తో తట్టాం. తడితే పొరలు పొరలుగా లేస్తాయి, ఆ పొరలు తర్వాత ఎంత పిపెట్ చేసినా విడవు. ఊడకపోవడానికి అసలు కారణం సీరం. ఫ్లాస్క్‌లో మిగిలిన సీరం ట్రిప్సిన్‌ను ఆపేస్తుంది. ఇప్పుడు టీ75కు:

1. మీడియం మొత్తం పీల్చేసి, కాల్షియం, మెగ్నీషియం లేని పీబీఎస్ (ఉప్పు ద్రావణం) 5 మి.లీ.తో రెండు కడుగులు.
2. ఈడీటీఏ ఉన్న 0.25 శాతం ట్రిప్సిన్ 2 మి.లీ., 37 డిగ్రీల్లో 3–4 నిమిషాలు. తట్టకూడదు. మైక్రోస్కోపులో చూసి కణాలు గుండ్రంగా అయ్యాక పక్కకు వంచితే జారుతాయి.
3. సీరం ఉన్న మీడియం 6 మి.లీ. పోసి ట్రిప్సిన్‌ను ఆపాలి.
4. 10 మి.లీ. పిపెట్ మొనను అడుగుకు ఆనించీ ఆనించకుండా 8–10 సార్లు లాగి వదలాలి. నురగ రాకూడదు.
5. మైక్రోస్కోపులో చూడాలి: పదింట తొమ్మిదైనా ఒంటరి కణాలు కావాలి.

లెక్క ఇలా: సస్పెన్షన్, 0.4 శాతం ట్రిపాన్ బ్లూ (చచ్చిన కణాలకే పట్టే నీలి రంగు) సమానంగా కలిపి హీమోసైటోమీటర్‌లో (కణాలు లెక్కపెట్టే గళ్ల గాజు పలక) నాలుగు మూల గళ్లు లెక్కపెడితే తెల్లవి 168, నీలం 9. సగటు 42, పలచన 2, గుణకం 10,000, అంటే మి.లీ.కు 8.4 లక్షలు. 8 మి.లీ.కి 67.2 లక్షలు. బతికినవి 177లో 168, దాదాపు 95 శాతం. నాలుగు గళ్లలో మొత్తం 100 కన్నా తక్కువ వస్తే లెక్కలో తేడా ఎక్కువ. హీమోసైటోమీటర్‌ను మళ్లీ నింపి ఇంకోసారి లెక్కపెట్టండి.

రెండో వయల్ కణాల పెరుగుదల, టీ25లో 2.5 లక్షలతో మొదలు:

24 గంటలు: 2.9 లక్షలు
48 గంటలు: 5.6 లక్షలు
72 గంటలు: 11.5 లక్షలు
96 గంటలు: 22 లక్షలు

24 నుంచి 96 గంటల మధ్య రెట్టింపు సమయం 24.6 గంటలు. అరువు ఫ్లాస్క్ 37 పక్కన ఇది పెట్టి చూస్తే పాత ట్రయల్స్ ఎందుకు పోయాయో తెలుస్తుంది. లిపిడ్ ద్వారా సైటోప్లాజంలోకి వచ్చిన ప్లాస్మిడ్ కేంద్రకంలోకి చేరేది ఎక్కువగా కణం విభజన సమయంలో, కేంద్రకపు పొర విడిపోయినప్పుడే. విభజన మందగించిన కణాల్లో డీఎన్‌ఏ సైటోప్లాజంలోనే నశించిపోతుంది.

గుర్తింపు పరీక్షగా ఎస్‌టీఆర్ ప్రొఫైల్ (కణాలకు డీఎన్‌ఏ వేలిముద్ర లాంటిది) చేయించాం: టీహెచ్01 దగ్గర 8, 9.3; డీ5ఎస్818 దగ్గర 11; వీడబ్ల్యూఏ దగ్గర 14; అమెలోజెనిన్ ఎక్స్, వై. అన్నీ ఏ549వే. 80 శాతానికి పైగా సరిపోతే ఒకే మూలానికి చెందినవిగా లెక్క. ఇతర కణాలు హీలా అనే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాలతో కలిసిపోయాయని 1960ల నుంచే తెలుసు, అయినా ఇప్పటికీ ఈ పరీక్ష దాటేసేవాళ్లు చాలామంది.

20 లక్షల చొప్పున 12 వయల్స్ ఫ్రీజ్ చేశాం: 90 శాతం సీరం, 10 శాతం డీఎంఎస్ఓ, నిమిషానికి 1 డిగ్రీ చొప్పున చల్లబరిచే డబ్బాలో మైనస్ 80లో ఒక రాత్రి, తర్వాత ద్రవ నైట్రోజన్. కరిగించాక 20 పాసేజ్‌లు దాటితే ఆ ఫ్లాస్క్ ట్రాన్స్‌ఫెక్షన్‌కు (కణాల్లోకి డీఎన్‌ఏ పంపడానికి) వాడం. నెలకోసారి మైకోప్లాస్మా పీసీఆర్.

ఇప్పటిదాకా: 50 రోజులు, ఫ్రీజర్‌లో 12 వయల్స్.

దశ 4: రెండు దిద్దుబాట్లు (రోజులు 51–64)

ట్రయల్ 4: దశ 1 మెట్లే, కణాలు మాత్రం కొత్తవి. ఆకుపచ్చ 26 శాతం. మూడు రెట్లు పెరిగిందని ఇక్కడ ఆగలేదు. లిపిడ్ మాత్రమే ఇచ్చిన వెల్‌లో, అంటే జీఎఫ్‌పీ ఉండే అవకాశమే లేని చోట, యంత్రం 5 శాతం ఆకుపచ్చ చూపించింది.

చచ్చిన కణాలు వాటంతట అవే వెలుగుతాయి. ఏ549కు సొంత వెలుగు ఎలాగూ కొంచెం ఎక్కువ. చచ్చిన కణాలకే పట్టే ప్రొపీడియం అయొడైడ్ రంగు మి.లీ.కు 1 మైక్రోగ్రాము కలిపి, దాని ఎరుపు పట్టిన కణాలను లెక్క నుంచి తీసేసి, ఏమీ ఇవ్వని కణాల్లో 0.5 శాతం మించకుండా గేట్ (ఇది దాటి వెలిగితేనే ఆకుపచ్చ అనే హద్దు) గీశాం. మర్నాడు అదే ప్రయోగం మళ్లీ చేసి ఇలా కొలిస్తే 21 శాతం. అంటే దశ 1లో 7, 8, 9 అని రాసుకున్నవి కూడా నిజానికి అంతకన్నా తక్కువే.

ఇంకో తప్పు కూడా ఇక్కడే దొరికింది. ట్రిప్సిన్‌కు ముందు తేలుతున్న మీడియం పారబోస్తున్నాం. తేలేవే ఎక్కువగా చచ్చినవి. వాటిని పారేస్తే బతికిన శాతం అందంగా వస్తుంది. ఇప్పుడు మీడియం, కడిగిన పీబీఎస్, ఊడిన కణాలు మూడూ ఒకే ట్యూబులోకి.

ట్రయల్ 5: ప్లాస్మిడ్ మీద అనుమానం. డీఎన్‌ఏ ఎంత శుద్ధమో కాంతి శోషణతో చెప్పే 260/280 నిష్పత్తి 1.86, బాగుంది. 260/230 మాత్రం 1.2. కిట్‌లోని గ్వానిడీన్ ఉప్పు మిగిలిపోతే ఇలా పడుతుంది. మళ్లీ అవక్షేపించాం:

1. పదో వంతు 3 మోలార్ సోడియం అసిటేట్ (పీహెచ్ 5.2), రెండున్నర రెట్లు ఇథనాల్. మైనస్ 20లో ఒక రాత్రి.
2. 12,000 జీ, 4 డిగ్రీలు, 15 నిమిషాలు.
3. 70 శాతం ఇథనాల్‌తో రెండు కడుగులు. మొదటిసారి ఒక్క కడుగుతో సరిపెట్టుకోవడమే పొరపాటు.
4. 10 నిమిషాలు ఆరనిచ్చి నీటిలో కరిగించి, మైక్రోలీటర్‌కు 0.5 మైక్రోగ్రాములకు సరిచేశాం.

కొత్త 260/230: 2.1. జెల్ మీద ఎక్కువ భాగం సూపర్‌కాయిల్ (తెగకుండా బిగుతుగా మెలితిరిగిన) రూపంలోనే ఉంది. జీఎఫ్‌పీ 21 నుంచి 28 శాతం. అదే డీఎన్‌ఏతో హెచ్1299 కూడా 61 నుంచి 74కు వెళ్లింది, కానీ 61ని పాత పద్ధతిలో కొలిచాం కాబట్టి ఈ రెండూ పోల్చడం పూర్తిగా న్యాయం కాదు.

ఇప్పటిదాకా: 64 రోజులు, 28 శాతం. లిపిడ్‌ను ఇంకా ముట్టుకోలేదు.

దశ 5: ఎన్ని కణాలు, ఎలా పరుచుకున్నాయి (రోజులు 65–78)

ట్రయల్ 6, వెల్‌కు వేసిన కణాలు, మర్నాటి నిండుదనం, జీఎఫ్‌పీ, బతికినవి:

60 వేలు: 35 శాతం నిండాయి, 24, 66
90 వేలు: 50 శాతం, 28, 78
1.2 లక్షలు: 75 శాతం, 33, 87
1.6 లక్షలు: 95 శాతం, 19, 93

పలచగా ఉంటే ఒక్కో కణం మీద పడే లిపిడ్ ఎక్కువై చస్తాయి. కిక్కిరిసిపోతే విభజన ఆగిపోతుంది, పైగా ఏ549 దగ్గర దగ్గరగా అతుక్కుని దిబ్బల్లా పెరుగుతుంది కాబట్టి దిబ్బ అంచున ఉన్న కణాలకే కాంప్లెక్స్ అందుతుంది. మైక్రోస్కోపులో దిబ్బ చుట్టూ ఆకుపచ్చ వలయం, మధ్యలో చీకటి కనిపిస్తే అర్థం అదే.

అందుకే ఒంటరి కణాలు కావాలన్నది. 1.2 లక్షలే వేసినా ఉండలుగా ఉన్న సస్పెన్షన్‌తో ఒక ప్లేటు చేసి చూశాం: 23 శాతం. అదే సంఖ్య, అదే మందు, 10 శాతం తేడా.

ప్లేటును గుండ్రంగా తిప్పి కలిపే అలవాటు ఉంటే మానుకోండి. కణాలన్నీ నడిమధ్య పోగవుతాయి. ముందుకూ వెనక్కూ నాలుగుసార్లు, అటూ ఇటూ నాలుగుసార్లు జరిపి, 15–20 నిమిషాలు హుడ్‌లోనే కదపకుండా ఉంచి, ఆ తర్వాత ఇంక్యుబేటర్‌లోకి. అంచు వెల్‌లకూ మధ్య వెల్‌లకూ మధ్య తేడా దీంతో బాగా తగ్గింది.

24 వెల్‌లకు లెక్క: వెల్‌కు 0.5 మి.లీ.లో 1.2 లక్షలు, అంటే మి.లీ.కు 2.4 లక్షలు. 13 మి.లీ. కావాలి, 31.2 లక్షల కణాలు. పైన లెక్కించిన సస్పెన్షన్ అయితే 3.71 మి.లీ., దానికి 9.29 మి.లీ. మీడియం. ప్రతి నాలుగు వెల్‌లకు ఒకసారి ట్యూబును తలకిందులు చేయాలి. కణాలు కిందికి దిగుతూనే ఉంటాయి.

ఇప్పటిదాకా: 78 రోజులు, 33 శాతం.

దశ 6: ఇప్పుడు లిపిడ్ (రోజులు 79–97)

ట్రయల్ 7, లిపోఫెక్టమైన్ 2000. డీఎన్‌ఏ మైక్రోగ్రాములు, లిపిడ్ మైక్రోలీటర్లు, జీఎఫ్‌పీ శాతం, బతికిన శాతం:

0.5, 1.0, 27, 93
0.5, 1.5, 37, 88
0.5, 2.0, 38, 76
0.8, 2.0, 33, 86
0.8, 2.4, 35, 72

డీఎన్‌ఏ పెంచితే లాభం లేదు, తగ్గిస్తేనే బాగుంది. 0.5కు 1.5 ఖాయం చేశాం. 5 గంటల తర్వాత మీడియం మార్చి చూస్తే బతికినవి 88 నుంచి 90. జీఎఫ్‌పీలో మార్పు లేదు. ఆ మాత్రానికి అదనపు పని ఎందుకని వదిలేశాం.

ట్రయల్ 8, లిపోఫెక్టమైన్ 3000. ఇందులో పీ3000 అనే రెండో ద్రవం ఉంటుంది, మైక్రోగ్రాము డీఎన్‌ఏకు 2 మైక్రోలీటర్లు. దాన్ని డీఎన్‌ఏ ట్యూబులోనే కలపాలి. మొదటి ప్లేటులో పొరపాటున లిపిడ్ ట్యూబులో కలిపాం, ఆ ప్లేటు లెక్కలోంచి తీసేశాం. సరిగ్గా చేసినది, వెల్‌కు 0.5 మైక్రోగ్రాముల డీఎన్‌ఏతో:

లిపిడ్ 0.75 మైక్రోలీటర్లు: జీఎఫ్‌పీ 43, బతికినవి 91
లిపిడ్ 1.5 మైక్రోలీటర్లు: జీఎఫ్‌పీ 56, బతికినవి 86

మూడు వేర్వేరు రోజుల్లో, మూడు వేర్వేరు పాసేజ్‌లతో మళ్లీ చేశాం: 56, 52, 59. లక్ష్యం దాటింది.

12 వెల్‌లకు మిశ్రమం 13 వెల్‌లకు సరిపడా:

1. ట్యూబు ఒకటి: ఆప్టి-మెమ్ 325 మైక్రోలీటర్లు, డీఎన్‌ఏ 6.5 మైక్రోగ్రాములు (13 మైక్రోలీటర్లు), పీ3000 13 మైక్రోలీటర్లు.
2. ట్యూబు రెండు: ఆప్టి-మెమ్ 325 మైక్రోలీటర్లు, లిపిడ్ 19.5 మైక్రోలీటర్లు.
3. ఒకటోదాన్ని రెండోదాంట్లో పోసి 10–15 నిమిషాలు.
4. వెల్‌కు 50 మైక్రోలీటర్లు.

ఒక్కో వెల్‌కు విడిగా అర మైక్రోలీటర్, ముప్పావు మైక్రోలీటర్ కొలిచిన రోజుల్లో పక్కపక్క వెల్‌ల మధ్యే 10 శాతం దాకా తేడా వచ్చేది. ఒకే మిశ్రమం చేశాక 3 శాతం లోపే. లిపిడ్ సీసాను 4 డిగ్రీల్లో ఉంచాలి, ఫ్రీజర్‌లో కాదు.

ప్రతి ప్లేటులో మూడు కంట్రోల్స్: ఏమీ ఇవ్వని కణాలు, లిపిడ్ మాత్రమే, డీఎన్‌ఏ మాత్రమే. పక్కన ఒక వెల్ హెచ్1299.

ఇప్పటిదాకా: 97 రోజులు, 56 శాతం. అడుగడుగునా చూస్తే: శుభ్రమైన కణాలతో 21, శుభ్రమైన డీఎన్‌ఏతో 28, సంఖ్యతో 33, నిష్పత్తితో 37, కొత్త లిపిడ్‌తో 56. కొత్త లిపిడ్‌ను అరువు ఫ్లాస్క్ మీద వాడి ఉంటే ఎంత వచ్చేదో కొలవలేదు, కొలవడానికి ఆ ఫ్లాస్క్ ఇప్పుడు లేదు కూడా.

దశ 7: జీ418, క్లోన్లు (రోజులు 98–180)

ముందు కణాలను చంపే మోతాదు తెలియాలి. మొదటి మోతాదు కర్వ్ మొత్తం వృథా: పొడి బరువుతో లెక్కవేశాం. సీసా మీద మి.గ్రా.కు 720 మైక్రోగ్రాముల క్రియాశీల పదార్థం అని రాసి ఉంది. 1 గ్రాములో అసలు మందు 720 మి.గ్రా.; మి.లీ.కు 50 మి.గ్రా. కావాలంటే 14.4 మి.లీ.లో కరిగించాలి, 20 మి.లీ.లో కాదు. సీసా మారితే ఈ అంకె మారుతుంది, అప్పుడు కర్వ్ మళ్లీ గీయాలి.

రెండో కర్వ్, మి.లీ.కు మైక్రోగ్రాములు, ట్రాన్స్‌ఫెక్షన్ లేని కణాలతో 10 రోజులు:

200: హాయిగా పెరిగాయి
400: సగం మిగిలాయి
600: 9వ రోజుకు ఖాళీ
800: 7వ రోజుకు ఖాళీ
1000: 5వ రోజుకు ఖాళీ

ఎంపికకు 800, తర్వాత పోషణకు 400. కణాలు కిక్కిరిసి ఉంటే 800 కూడా చాలదు. విభజన లేని కణం మీద మందు నెమ్మదిగా పనిచేస్తుంది.

1. ప్లాస్మిడ్‌ను రెండు జన్యువులకూ బయట ఒకే చోట కోసే ఎంజైమ్‌తో సరళరేఖగా చేయాలి. లేకపోతే కణం తనకు తోచిన చోట తెంపుతుంది, అది జీఎఫ్‌పీ మధ్యలోనూ పడవచ్చు.
2. 6 వెల్‌ల ప్లేటులో ట్రాన్స్‌ఫెక్షన్, 24 వెల్ లెక్కకు 5 రెట్లు (అడుగు 1.9 నుంచి 9.5 చదరపు సెం.మీ.).
3. 48 గంటలకు ఊడదీసి, పదో వంతు చొప్పున 10 సెం.మీ. డిష్‌లలోకి.
4. మర్నాటి నుంచి 800. మూడు రోజులకోసారి మీడియం మార్పు.
5. ట్రాన్స్‌ఫెక్షన్ లేని డిష్ ఒకటి పక్కనే ఉండాలి. అది ఖాళీ అయ్యేదాకా కాలనీలను నమ్మకూడదు.

19వ రోజుకు 31 కాలనీలు. ఆకుపచ్చవి 18. మిగతా 13 మందుకు తట్టుకున్నాయి కానీ వెలగలేదు. తెగిపోయిన జీఎఫ్‌పీ కావచ్చు, సీఎంవీ ప్రమోటర్ మిథైలేషన్‌తో (డీఎన్‌ఏకు అంటుకునే రసాయన గుర్తు) మూతపడి ఉండవచ్చు. క్లోనింగ్ రింగులు (ఒక్కో కాలనీ చుట్టూ పెట్టే చిన్న వలయాలు), సిలికాన్ గ్రీజుతో 8 ఆకుపచ్చ కాలనీలు తీశాం. గ్రీజు ఎక్కువైతే కణాల మీదికి పాకుతుంది, తక్కువైతే ట్రిప్సిన్ కారి పక్క కాలనీతో కలిసిపోతుంది. రెండు రింగులు ఇలా పోయాయి. 6 పెరిగాయి.

నాలుగు వారాలు 400లో పెంచి కొలిస్తే 4 క్లోన్లు 95 శాతానికి పైగా ఆకుపచ్చ. మిగతా రెండు 60, 38 శాతానికి పడిపోయాయి, మందు ఉన్నా సరే. వాటిని వదిలేశాం.

నాలుగు క్లోన్లకు మళ్లీ మైకోప్లాస్మా పీసీఆర్ (నెగటివ్, పాజిటివ్ కలిపిన జంట ట్యూబులన్నిటిలో బ్యాండ్ ఉంది), మళ్లీ ఎస్‌టీఆర్. ఒక్కోటి 5 వయల్స్, మొత్తం 20. వారం ఆగి ఒక్కో వయల్ కరిగించి చూస్తే బతికినవి 91, 88, 93, 72 శాతం.

72 వచ్చినది, ఫ్లాస్క్ పూర్తిగా నిండిన రెండు రోజుల తర్వాత ఫ్రీజ్ చేసిన క్లోన్. దాన్ని 70 శాతం నిండినప్పుడు మళ్లీ ఫ్రీజ్ చేయాలి. ఆ ఫ్లాస్క్ ప్రస్తుతం 40 శాతం నిండింది. పాత నాలుగు వయల్స్ మీద ఎర్ర చుక్క పెట్టాం.